అనంతపురం ఎండ, జపాను గడియారం

పోయిన ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున అయిదున్నరకు బ్రెడ్ మేకర్ మూత తీసి చూశాను. మా వైపు పొలాల్లో పూడిపోయిన పాత బావులుంటాయి కదా, చుట్టూ గట్టు, నడుమ గుంత, బ్రెడ్డు అచ్చం అట్లా ఉంది. పిండి గిన్నె అంచుల దాకా పొంగిన గుర్తులు గోడలకు అంటుకొని ఉన్నాయి. అంటే తెల్లవారుజామున ఏదో ఒక వేళకు బ్రహ్మాండంగా పొంగింది, పొంగి కూలిపోయింది. కూలిన దాన్నే మిషన్ బుద్ధిగా, చెప్పిన టైముకు, చెప్పినంతసేపు కాల్చి, కీచు కీచుమని అరిచి పని అయిపోయిందని కబురు చెప్పింది.

మా అమ్మ వచ్చి తొంగి చూసింది. "దీనికి తొమ్మిది వేలు పోసినావా?" అంది. తొమ్మిది వేల నాలుగు వందలు. కానీ ఆ వేళప్పుడు సరిచేయబుద్ధి కాలేదు.

నేను అనంతపురంలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెప్పుకొని బతుకుతున్నాను. వంటలో పెద్ద ప్రవేశం లేదు. బ్రెడ్డు పిచ్చి మాత్రం రెండేళ్లుగా పట్టుకుంది. ఈ రెండేళ్లలో స్టాఫ్ రూములో, పెళ్లిళ్లలో, ఒకసారి సప్తగిరి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు పక్క స్కూటర్ మీదున్నాయన కూడా, అడిగింది ఒకటే: "ఏ బ్రెడ్ మేకర్ తీసుకుంటే మంచిది సార్?" అడిగినవాళ్లు కంపెనీ పేరు చెబుతానని చూస్తారు. నేనేమో మీ ఇంట్లో మే నెలలో పిండి డబ్బా ఎంత వేడిగా ఉంటుంది అని ఎదురు అడుగుతాను. వాళ్లకు కోపమొస్తుంది. ఆ ఎదురు ప్రశ్న ఎందుకో ఒకసారి తీరిగ్గా రాద్దామని ఇది.

అందరూ బ్రెడ్ మేకర్‌ను చిన్న ఓవెన్ అనుకొని కొంటారు. నేనూ అట్లే కొన్నాను. విప్పి చూస్తే అందులో ఉన్నది ఒక గిన్నె, దాని అడుగున తిరిగే ఒక రెక్క, చుట్టూ ఒక హీటరు తీగ, వీటన్నిటినీ తోలే ఒక గడియారం. ఇన్ని నిమిషాలు కలుపు, ఇన్ని నిమిషాలు ఊరుకో, మళ్లీ కలుపు, గంటసేపు పొంగనివ్వు, యాభై నిమిషాలు కాల్చు. మీరు డబ్బు పెట్టేది ఆ గడియారానికి. వేడి చాలకపోతే హీటరు కొద్దిగా వెలిగించి పిండిని వెచ్చబరచడం దానికి వచ్చు. వేడి ఎక్కువైతే చల్లబరచడం రాదు. ఆ నిమిషాలన్నీ ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల వంటింటిని మనసులో పెట్టుకొని రాసినవి. మా వంటింట్లో ఆ వేడి డిసెంబరు, జనవరిలో ఉంటుంది. మిగతా పది నెలలు గడియారం ఒక ఊళ్లో, పిండి ఇంకో ఊళ్లో.

ఈ సంగతి ఆ మిషన్ పుట్టిన చోట కూడా తెలుసు. 1985లో జపాన్‌లో ఒసాకాకు చెందిన మత్సుషిత కంపెనీ, ఇప్పుడు పానసోనిక్ అంటున్నామే, అదే, ఇంట్లో వాడుకునే బ్రెడ్డు మిషన్ చేయబోయి తల బద్దలు కొట్టుకుంది. పైన మాడిపోతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. మనిషి కలిపిన ముద్దను, మిషన్ కలిపిన ముద్దను ఎక్స్‌రే తీసి కూడా చూశారట. ఏమీ తేలలేదు. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఆ ఊళ్లో మంచి బ్రెడ్డుకు పేరున్న ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌కు వెళ్లి, అక్కడి పెద్ద బేకర్ దగ్గర పని నేర్చుకుంది. ఆయన పిండిని పిసకడమే కాదు, ఒక రకంగా మెలితిప్పి లాగుతున్నాడని ఆమె పట్టుకుంది. ఇంజనీర్లతో కలిసి ఏడాదిపాటు తంటాలు పడితే, గిన్నె లోపలి గోడలకు గట్లు లాంటివి పెట్టి ఆ మెలికను మిషన్‌కు నేర్పగలిగారు. మీ గిన్నె లోపల నిలువుగా ఉబ్బెత్తు గీతలు కనబడితే అవి అందానికి పెట్టినవి కావు.

ఈ కథలో ఇంత ప్రచారం రాని ముక్క ఇంకొకటుంది. మనకు కావలసింది అదే. వేడిగా ఉన్న రోజుల్లో పిండి అతిగా పులిసిపోయే బాధ వాళ్లకూ వచ్చింది. చల్లబరిచే పరికరం పెడితే ధర పెరుగుతుంది. దాని బదులు పిండిని పొంగించే ఈస్ట్‌ను మొదటే వేయకుండా, కలపడం కొంత సాగాక నడుమలో వేసే ఉపాయం పట్టారు. చల్లటి గదులు లేని పాతకాలంలో బ్రెడ్డు చేసేవాళ్ల పద్ధతి అది. ఇప్పటికీ పానసోనిక్ మిషన్లు చాలావాటికి మూతలో ఈస్ట్ కోసం చిన్న అర ఉంటుంది. టైము వచ్చినప్పుడు అది తెరుచుకొని ఈస్ట్ కింద పడుతుంది. నేను మొదటిసారి దాన్ని చూసి సోకు అనుకున్నాను. ఇప్పుడు నన్నడిగితే, మా ఊరికి కొనే మిషన్‌లో మెనూలు పది తగ్గినా పరవాలేదు, ఈ అర ఉంటే మంచిది.

ఆ బావి బ్రెడ్డు రోజు మా అమ్మ అన్న మాట కూడా దాదాపు ఇదే. "ఇడ్లీ పిండి ఎండాకాలం పొద్దుగూకినప్పుడే కలిపి పెడితే తెల్లారేతలికి పుల్లగై పొంగి గిన్నె దాటుతుంది. చలికాలం పొయ్యి పక్కన పెట్టినా కదలదు. ఇదీ పులిసేదే కదరా, దీనికేమన్నా వేరే ఎండ కాస్తుందా?" ఒసాకా హోటల్ దాకా పోవలసిన పని లేదు, పక్క గదిలోనే ఉంది చదువు. అడగలేదు, అంతే.

అడగకపోగా నేను నా చదువు చూపించాను. లెక్క వేశాను. బేకర్లకు ఒక పాత లెక్క ఉంది. కలిపి తీసిన ముద్ద 26 డిగ్రీలు ఉండాలనుకోండి. దాన్ని 3తో గుణిస్తే 78. అందులోంచి గది వేడి, పిండి వేడి, కలిపేటప్పుడు రాపిడికి పుట్టే వేడి తీసేస్తే మిగిలింది నీళ్లు ఉండవలసిన వేడి. మే నెలలో సాయంత్రం ఆరింటికి మా వంటింట్లో 36, పిండి డబ్బాలో థర్మామీటర్ గుచ్చితే అక్కడా 36. 78 లోంచి 72 పోతే 6. రాపిడికి ఓ 10 వేసుకుంటే మైనస్ 4. మైనస్ 4 డిగ్రీల నీళ్లు ఏ కుళాయిలో వస్తాయి? రావు కాబట్టి ఐసు. గ్రాము ఐసు కరగడానికి 80 క్యాలరీలు మింగుతుందని ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. నా వంటింట్లో అది పనికొచ్చింది మొదటిసారి అప్పుడే. ఇప్పుడు ఎండాకాలం మూడొందల గ్రాముల నీళ్లు పోయాలంటే అందులో వంద గ్రాములు ఐసే, బాగా చితక్కొట్టి. పెద్ద ముక్కలు వేస్తే గిన్నె పూత గీసుకుపోతుంది. ఈస్ట్ చలికాలం అయిదు గ్రాములు వేసేచోట మూడు. ఉప్పు మాత్రం తగ్గించను. అయిదు వందల గ్రాముల పిండికి తొమ్మిది, పది గ్రాములు. ఈస్ట్ దూకుడుకు కళ్లెం అదే.

ఇంత చేశాక కూడా మేలో బేసిక్ ప్రోగ్రాం మీద పెడితే కుంగిపోతోంది. ఎందుకంటే పొంగడానికి అది ఇచ్చే టైము తగ్గదు. గంటంపావు అంటే గంటంపావే. ముద్దేమో నలభై నిమిషాలకే సిద్ధమై కూర్చుంటుంది. అప్పుడు నాకు అర్థమైంది నేను కొన్న మిషన్‌లో ఏం లేదో. పంతొమ్మిదో ఇరవయ్యో మెనూలున్నాయి. పెరుగు ఉంది, జామ్ ఉంది, కేకు ఉంది, ఇంకేదో వేయించే మెనూ ఉంది. నా అంతట నేను నిమిషాలు మార్చుకునే వీలు లేదు. కొన్ని మిషన్లలో సొంత ప్రోగ్రాం అని ఉంటుంది. కలపడం ఇంత, పొంగడం ఇంత, కాల్చడం ఇంత అని మనమే చెప్పుకోవచ్చు. కొనేముందు డబ్బా మీద మెనూలు లెక్కపెట్టకుండా, ఈ ఒక్కటి ఉందా అని మాన్యువల్ తెరిచి చూడండి. మాన్యువల్ కంపెనీ వెబ్‌సైట్లో ఉంటుంది. దాన్ని చూపించని కంపెనీ దగ్గర అసలు కొనకండి.

సొంత ప్రోగ్రాం లేకపోతే కనీసం రెండు మెనూలు విడివిడిగా ఉండాలి: కలిపి పెట్టేది ఒకటి, ఉత్తగా కాల్చేది ఒకటి. ఇవి రెండూ ఉంటే గడియారం పని మీరే చేసుకోవచ్చు. కలిపించండి, ఆపేయండి, మీ కంటితో చూసి ముద్ద రెండింతలు కాకముందే కాల్చే మీట నొక్కండి. నేను ఏడాదిగా మార్చి నుంచి జూన్ దాకా చేస్తున్నది ఇదే. మరి అప్పుడు ఆటోమేటిక్ ఏముంది అని మా ఆవిడ అడుగుతుంది. పిసికే బాధ తప్పింది కదా అంటాను. ఆమె ఒప్పుకోలేదు. ఆమె అడిగింది న్యాయమే. 2007లో రిబైరో, కాలిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే మిషన్ గురించి రాస్తూ, బేకర్ నైపుణ్యం మిషన్‌లోకి పోయిందనుకోవడం తప్పు, దాంట్లో చాలా భాగం చుట్టూ ఉండే మనుషులే ఇంకా చేస్తున్నారు అన్నారు. మా వంటింట్లో ఆ మనిషిని నేను.

ఇక్కడ ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ ఒకటిగా ఉండే కరెంటు పెట్టె) పక్షం వాళ్లు లేస్తారని తెలుసు. "చేత్తో పది నిమిషాలు పిసికి ఓటీజీలో పెడితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" నిజమే, బ్రెడ్డు ఆకారం, పైపొర ఓటీజీలోనే బాగా వస్తాయి. మిషన్ బ్రెడ్డు పైన పాలిపోయి, అడుగున రెక్క పెట్టిన బొక్కతో ఉంటుంది. అందగాడు కాదు. కానీ మే నెలలో మధ్యాహ్నం మూడింటికి అనంతపురంలో పదిహేను వందల వాట్ల ఓటీజీని వంటింట్లో గంటసేపు వెలిగించి చూడండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం. బ్రెడ్ మేకర్ హీటరు ఆరు వందల వాట్ల చుట్టుపక్కల ఉంటుంది, అదీ చివరి గంటలోనే గట్టిగా పని చేస్తుంది. ప్లగ్గుకు మీటరు పెట్టి చూస్తే ఒక బ్రెడ్డుకు అర యూనిట్ కూడా కాలలేదు. పైగా అది చిన్న పెట్టె. మేము దాన్ని ఎత్తుకెళ్లి వెనక వరండాలో పెట్టుకున్నాం. వేడి అక్కడే పోతుంది. ఓటీజీని అట్లా మోసుకు తిరగలేం.

వరండాలో పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. గట్టి ముద్దను కలిపేటప్పుడు ఇది నడుస్తుంది. వెటకారం కాదు, నిజంగానే అడుగులో అడుగు వేసుకుంటూ జరుగుతుంది. మాది ఒకసారి గట్టు చివరి దాకా వచ్చి ఆగింది. అప్పటి నుంచి కింద రబ్బరు చాప.

కరెంటు సంగతి ఎవరూ అడగరు, అడగవలసింది అదే. బ్రెడ్డు కావడానికి మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. గోధుమపిండిదైతే ఇంకా ఎక్కువ. ఎండాకాలం సాయంత్రం గాలీ వానా లేస్తే మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో చెప్పలేం. కొన్ని మిషన్లు కరెంటు పోయి పది, పదిహేను నిమిషాల్లో వస్తే ఆగినచోట నుంచి మళ్లీ మొదలుపెడతాయి. కొన్నిటికి ఆ గుర్తు ఉండదు, మొదటికొస్తాయి. కాలుతున్న బ్రెడ్డును మళ్లీ పిసకడం మొదలుపెడితే ఎట్లుంటుందో ఊహించుకోండి. షాపతన్ని అడగండి, తెలియదంటే ఇంటికి తెచ్చిన మొదటిరోజే ఉత్త నీళ్లు పోసి, అయిదు నిమిషాలు స్విచ్ తీసి పెట్టి చూడండి, వాపసు ఇచ్చే గడువు దాటకముందే.

విదేశం నుంచి తెప్పించుకునే వాళ్లకు వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నా పరువు పోయింది. మా అక్క కొడుకు అమెరికా నుంచి వస్తూ వాడేసిన మంచి మిషన్ ఒకటి తెచ్చాడు. రెండు రెక్కలది, పొడుగు గిన్నెది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే హీటరు మీద మూడున్నర రెట్లకు పైబడి శక్తి పడుతుంది. వోల్టేజి వర్గానికి అనులోమానుపాతం, ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లాడు కూడా చెబుతాడు. నేను గొప్పగా వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొచ్చి పెట్టాను. కలపడం అయింది, పొంగడం అయింది. కాల్చడం మొదలైన పావుగంటకు కాలిన వైరు వాసన. ట్రాన్స్‌ఫార్మర్ మీద మూడు వందల వాట్లని రాసి ఉంది, మిషన్ మీద ఏడు వందలని. చదవలేదు. ఫిజిక్సు మాస్టారు చదవలేదు. దాంతోపాటు అక్కడి ఫ్రీక్వెన్సీ 60, ఇక్కడ 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి మారుస్తుంది గానీ దాన్ని మార్చదు. కొన్ని రకాల మోటార్లు అందువల్ల మెల్లగా తిరుగుతాయి. జపాను నుంచి తెస్తే ఇంకా కష్టం, అక్కడ 100 వోల్టులే. చుట్టాలు తెస్తామంటే పిస్తాపప్పు తెమ్మనండి.

విడిభాగాల గురించి ఇంకొంచెం ఆగాలి. ఫ్రిజ్జు పాడైతే మెకానిక్కు వస్తాడు. బ్రెడ్ మేకర్ పాడైతే మా ఊళ్లో మిక్సీలు బాగుచేసే ఆయన దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "ఇదేంది సార్, దీన్ని ఎప్పుడూ చూళ్లే" అన్నాడు. పాపం ఆయన తప్పు లేదు. ఇందులో అరిగేవి మూడే. గిన్నె లోపలి పూత, ఇరుసు దగ్గర నీళ్లు కారకుండా ఉండే రబ్బరు రింగు, రెక్క. రెక్క బ్రెడ్డులో ఇరుక్కుపోతుంది, ఇరుక్కున్న దాన్ని కత్తితో పెకలిస్తే పూత పోతుంది, పూత పోతే మరుసటి బ్రెడ్డు ఇంకా గట్టిగా అంటుకుంటుంది. నా మొదటి రెక్కను నేనే చెడగొట్టాను. రెండోది తెప్పించడానికి ఆ కంపెనీ సర్వీసు వాళ్లకు పదకొండు ఫోన్లు చేశాను. స్టాకు లేదన్నారు, వస్తుందన్నారు, మోడల్ ఆగిపోయిందన్నారు. చివరికి బెంగళూరులో ఒకాయన పాత మిషన్ విప్పి అమ్ముతుంటే రెక్క, గిన్నె కలిపి కొన్నాను. రెండు వందల కిలోమీటర్ల దూరం, బస్సు పార్సిల్లో మరుసటి రోజుకే వచ్చింది. అందుకే చెబుతున్నా, మిషన్ ఆర్డర్ పెట్టేముందు అదే కంపెనీ గిన్నె, రెక్క విడిగా అమ్ముతోందా అని వెతకండి. దొరికితే మిషన్‌తోపాటే ఇంకో రెక్క కొని దాచిపెట్టుకోండి. రెక్క పెట్టే ముందు ఇరుసుకు చుక్క నూనె రాస్తే ఇరుక్కోవడం సగం తగ్గుతుంది. దీన్ని కనుక్కోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

సైజు గురించి అందరూ పొరపాటు పడతారు. నలుగురున్నారు కదా అని తొమ్మిది వందల గ్రాముల బ్రెడ్డు చేసేది కొంటారు. మా గాలిలో తడి ఉండదు. కోసిన బ్రెడ్డు రెండో రోజుకే అంచులు గట్టిపడుతుంది. ఫ్రిజ్జులో పెడితే మేలనుకుంటారు, అక్కడ ఇంకా తొందరగా గట్టిపడుతుంది, పిండిపదార్థం చల్లదనానికి బిగుసుకుంటుంది కాబట్టి. దాచాలంటే ముక్కలు కోసి డీప్ ఫ్రీజరులో పెట్టడమే. మాకు నలుగురికి నాలుగు వందల గ్రాముల పిండి బ్రెడ్డు రోజున్నరకు సరిపోతుంది, మిగిలింది పోపు పెట్టి బ్రెడ్ ఉప్మా. ఇద్దరే ఉంటే ఇంకా చిన్న గిన్నెది తీసుకోండి. పెద్ద గిన్నెలో కొంచెం పిండి వేస్తే అది పక్కలకు సర్దుకొని పొట్టిగా, మందంగా వస్తుంది.

పిండి సంగతికొస్తే మా ఇంట్లో పంచాయితీ ఇంకా తెగలేదు. గోధుమ మా జిల్లా పంట కాదు. మాది చెనిక్కాయ నేల, జొన్న, కొర్ర, రాగి నేల. అమ్మకు మైదా అంటే గిట్టదు. గోధుమలు కడిగి ఎండబెట్టి, పిండి మిషన్‌లో పట్టించి తెచ్చి, దీంతో చెయ్యి అంటుంది. మరలో మెత్తగా పట్టించిన పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది. అయిదు వందల గ్రాముల మైదాకు మూడు వందల పది, ఇరవై మిల్లీలీటర్లు చాలు, ఈ పిండికి మూడు వందల డెబ్బై దాటుతుంది. డబ్బాతో వచ్చిన వంటల పుస్తకంలో రాసినంతే పోస్తే రెక్క తిరగలేక మూలుగుతుంది. పైగా తవుడు ముక్కలు గోధుమలో ఉండే జిగురు (గ్లూటెన్) పొరలను కోస్తాయి, గాలి నిలవదు. అందుకే ఉత్త గోధుమ బ్రెడ్డు ఇటుకలాగా వస్తే అది మిషన్ తప్పు కాదు. సగం మైదా, సగం గోధుమ మా ఇంటి రాజీ. రాగిపిండి ఇష్టమైతే వందకు పదిహేను వంతులు దాకా కలుపుకోవచ్చు, మంచి రంగు, మట్టి వాసన లాంటి కమ్మదనం వస్తుంది. అంతకు మించితే కుంగుతుంది. రాగిలో, జొన్నలో ఆ జిగురు అసలే లేదు. డబ్బా మీద చిరుధాన్యాల బొమ్మ వేసినంత మాత్రాన గడియారం జిగురు పుట్టించలేదు. "జొన్న బ్రెడ్డు అవుతుందా?" అని ఒకరు అడిగితే అమ్మ పక్కనుంచి, "జొన్నరొట్టె ఉండగా దానికి బ్రెడ్డు వేషమెందుకు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నీళ్ల గురించి ఒక్క మాట. బోరు నీళ్లు బాగా ఉప్పగా, గట్టిగా ఉంటే ముద్ద బిగుసుకొని మెల్లగా పొంగుతుంది. క్యాన్ నీళ్లు మరీ మెత్తనైతే ముద్ద చేతికి అంటుకుంటుంది. ఒక పది మిల్లీలీటర్లు తగ్గించుకుంటే సర్దుకుంటుంది.

అసలు కొనాలా అన్నది వీటన్నిటికంటే ముందు అడగవలసింది, నేను చివర్లో అడుగుతున్నాను. మా చిన్నప్పుడు బ్రెడ్డంటే జ్వరం. ఎవరైనా సంచిలో బ్రెడ్డు పెట్టుకొని పోతుంటే "ఎవరికి బాగలేదు?" అని అడిగేవాళ్లు. ఆ తర్వాత హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్ల బేకరీలు మా వీధుల్లోకి ఖారా బన్ను, దిల్‌పసంద్ తెచ్చాయి, బ్రెడ్డు రోగం వదిలి పండగలోకి వచ్చింది. ఇప్పుడు ఆరోగ్యం పేరుతో ఇంటి బ్రెడ్డు అంటున్నారు. 2016 మేలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 38 రకాల బ్రెడ్డు, బన్నుల నమూనాలు పరీక్షించి, 84 శాతం వాటిలో, పిండికి కలిపే, ఒంటికి మంచివి కావనే పొటాషియం బ్రోమేట్ గానీ అయోడేట్ గానీ ఉన్నాయని చెప్పింది. ఆ మరుసటి నెలలోనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ బ్రోమేట్‌ను నిషేధించింది. ఆ భయంతో ఇప్పుడు కొనడం అంటే వాన వెలిశాక గొడుగు కొన్నట్టు. మిషన్‌లో మైదా, చక్కెర, నూనె వేసుకొని ఆరోగ్యం అనుకోవడం ఇంకా తమాషా.

డబ్బు మిగులుతుందంటారా? నాకు ఒక బ్రెడ్డుకు సరుకు ముప్పై అయిదు రూపాయలదాకా అవుతుంది. కొట్లో అటువంటిది నలభై అయిదు, యాభై. పన్నెండు రూపాయలు మిగిలిందనుకొని తొమ్మిది వేల నాలుగు వందలను భాగించండి. దాదాపు ఏడు వందల ఎనభై బ్రెడ్లు. వారానికి రెండు చేస్తే ఏడున్నరేళ్లు. ఈ లోపల ఎన్ని రెక్కలు పోతాయో.

మరి ఎందుకు ఉంచుకున్నాను? పొద్దున ఆరింటికి కాలుతున్న బ్రెడ్డు వాసనకు మా పాప ఎవరూ లేపకుండా లేస్తుంది. దానికి నా దగ్గర లెక్క లేదు. ఇంకో కారణం అమ్మ. పోయిన ఉగాదికి ఓళిగల పైపిండి చేత్తో నలిపే ఓపిక లేక, "నీ మిషన్‌లో వేసి చూద్దామా?" అని తనే అడిగింది. కలిపే మెనూ మీద పెట్టాం. పావుగంటకు తీసి, వేళ్లతో లాగి చూసి, ఏమీ మాట్లాడకుండా నూనె పోసి మూత పెట్టింది. మెచ్చుకోలేదు. కానీ అప్పటి నుంచి పండగొస్తే మిషన్ వరండాలోంచి వంటింట్లోకి వస్తోంది. దాన్ని తెచ్చేది నేను కాదు. అందుకే కలిపే మెనూ ఉత్తగా, వేడి లేకుండా, విడిగా ఉందా చూసుకోండని అంత గట్టిగా చెప్పేది. నెలకు రెండు బ్రెడ్లు తినే ఇంటికి ఆ ఒక్క మెనూయే మిషన్ ఖర్చును కొంచెమైనా సమర్థిస్తుంది. అది కూడా అక్కరలేదంటే కొనకండి, బేకరీ ఆయన బతకనీండి.

మా కాలేజీలో లెక్కలు చెప్పే కుర్రాయన ఇదంతా స్టాఫ్ రూములో రెండు పూటలు విన్నాడు. నోట్సు కూడా రాసుకున్నాడు. సొంత ప్రోగ్రాం, విడి రెక్క, కరెంటు పోతే గుర్తు, చిన్న గిన్నె. అన్నీ రాసుకొని, ఆఫర్ వచ్చిందని ఇరవై అయిదు మెనూల పెద్ద మిషన్ కొన్నాడు. నేను ఏమీ అనలేదు. మొన్న ఆదివారం పొద్దున ఫోన్ మోగింది.

"సార్, ఐసు ఎంతన్నారు? గ్రాముల్లో చెప్పండి."